వివాల్డి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వివాల్డి పేరు తెలియనివాళ్లు ఉండొచ్చు కానీ ఆయన ట్యూన్ ఒక్కటైనా చెవిన పడనివాళ్లు తక్కువ. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి లైన్లో ఉన్నప్పుడు, పెళ్లి వీడియోల్లో, లిఫ్టుల్లో వినిపించే ఆ వయొలిన్ చాలాసార్లు ఆయనదే. పిల్లల్ని వెస్టర్న్ వయొలిన్ క్లాసులో చేర్పించినవాళ్లు, కర్ణాటక సంగీతం వింటూ ఇటువైపు తొంగిచూసినవాళ్లు నన్ను అడిగే సందేహాలు దాదాపు ఒకటే. మళ్లీ మళ్లీ చెప్పేకన్నా ఒకచోట రాసిపెడదామనిపించింది. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టి చదవచ్చు.

## పుట్టుక, చదువు

అసలు వివాల్డి ఎవరు? రెండు ముక్కల్లో చెప్పండి.

ఆంటోనియో వివాల్డి 1678 మార్చి 4న ఇటలీలోని వెనిస్‌లో పుట్టాడు, 1741 జూలైలో వియన్నాలో చనిపోయాడు. వయొలిన్ విద్వాంసుడు, స్వరకర్త, చదువుకి క్యాథలిక్ ఫాదర్, ఉద్యోగానికి అనాథాశ్రమంలో సంగీతం మాస్టారు. కన్చెర్టోలే (సోలో వాయిద్యం, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచనలు) సుమారు 500 రాశాడు. అవి కాక ఒపేరాలు (పాటలతోనే నడిచే నాటకాలు), సొనాటాలు (ఒకటి రెండు వాయిద్యాలకు రాసే రచనలు), చర్చి కోసం రాసిన సంగీతం ఉన్నాయి. జర్మన్ స్వరకర్త బాఖ్ కంటే ఏడేళ్లు పెద్ద.

బరోక్ అంటే రాగం పేరా, వాయిద్యం పేరా?

రెండూ కాదు. కాలం పేరు. యూరప్ సంగీతంలో సుమారు 1600 నుంచి 1750 వరకు నడిచిన ధోరణిని బరోక్ అంటారు. దీన్ని చెవితో గుర్తుపట్టడానికి ఒక గుర్తు ఉంది. అడుగున చెల్లో (పెద్ద వయొలిన్‌లాంటిది) ఆగకుండా నడుస్తూ ఉంటుంది, దానితోపాటు పియానోలాంటి హార్ప్సికార్డ్ తీగలు మీటినట్టు టింగుటింగుమంటూ ఉంటుంది. ఆ హార్ప్సికార్డ్ వాయించేవాళ్ల ముందు మొత్తం స్వరాలు రాసి ఉండవు. అడుగు స్వరం, దాని పక్కన కొన్ని అంకెలు మాత్రమే ఉంటాయి. మిగతాది అప్పటికప్పుడు తమ విద్యతో నింపుకోవాలి. మనోధర్మం తెలిసిన మనకు ఇది కొత్తగా అనిపించదు.

పుట్టగానే ఇంట్లోనే బాప్తిస్మం ఇచ్చారట, ఎందుకు?

బిడ్డ బతకడేమోనన్న భయంతో మంత్రసానే ఆ పని చేసింది. చర్చిలో జరగాల్సిన తంతు రెండు నెలల తర్వాత, మే 6న జరిగింది. ఊపిరి ఆడని ఇబ్బంది జీవితాంతం ఆయన్ని వదల్లేదు.

సంగీతం ఎవరి దగ్గర నేర్చుకున్నాడు?

మొదటి గురువు తండ్రి జొవాన్ని బత్తిస్తా. ఆయన క్షురక వృత్తి చేస్తూ వయొలిన్ పట్టుకున్నాడు, 1685లో వెనిస్‌లోని సెయింట్ మార్క్ బసిలికా ఆర్కెస్ట్రాలో ఉద్యోగం సంపాదించాడు. అక్కడి రికార్డుల్లో ఆయన పేరు "రొస్సి" అని ఉంటుంది. ఎర్ర జుట్టు వల్ల వచ్చిన పేరు అది. ఆ జుట్టూ, వయొలినూ రెండూ కొడుక్కి వచ్చాయి.

"ఎర్ర ఫాదర్" అని ఎందుకు పిలిచేవారు? ఫాదర్ అయ్యుండి పూజ ఎందుకు మానేశాడు?

పేరు జుట్టు వల్లే. 1703లో ఫాదర్ అయ్యాడు. అయిన కొద్ది కాలానికే పూజ చేయించడం మానేశాడు. 1737లో తన పోషకుడు ఒకాయనకు రాసిన ఉత్తరంలో కారణం తనే చెప్పాడు: ఛాతీ బిగుసుకుపోయే జబ్బు, దాని వల్ల మూడుసార్లు పూజ మధ్యలోనే బలిపీఠం దిగి రావాల్సి వచ్చిందని. చర్చిలో ఉండగా ట్యూన్ తట్టి పూజ వదిలేసి రాసుకోవడానికి పరిగెత్తాడన్న కథ చాలా చోట్ల కనిపిస్తుంది. దానికి ఆధారం లేదు. ఊపిరాడని మనిషి ఒపేరాల కోసం ఊళ్లెలా తిరిగాడని కొందరు అనుమానిస్తారు. నడవలేక పడవలోనో బండిలోనో వెళ్తానని, తోడు మనుషులు లేనిదే కదలనని అదే ఉత్తరంలో రాశాడు. నాకైతే ఆ మాట నిజమే అనిపిస్తుంది.

## పియెటా రోజులు

పియెటా అంటే అనాథాశ్రమమా, సంగీత కళాశాలా?

రెండూ. వెనిస్‌లో అప్పట్లో అలాంటి సంస్థలు నాలుగు ఉండేవి. వాటిలో పియెటా వదిలేసిన పసిబిడ్డల కోసం పెట్టింది. గోడలో ఒక గూడు ఉండేది. తల్లి బిడ్డను ఆ గూట్లో ఉంచి వెళ్లిపోయేది. కొందరు తల్లులు పతకాన్ని సగానికి విరిచో, బొమ్మ ఉన్న కాగితాన్ని సగానికి చింపో ఒక ముక్క బిడ్డ బట్టల్లో పెట్టి రెండోది తమ దగ్గర దాచుకునేవారు. ఎప్పటికైనా వచ్చి "ఈ బిడ్డ నాదే" అని చెప్పుకోవడానికి గుర్తుగా. అలాంటి సగం ముక్కలు ఇప్పటికీ వెనిస్‌లో భద్రంగా ఉన్నాయి. వాటి జత సగాలు మాత్రం చాలావరకు రాలేదు.

మగపిల్లలకు ఏదో ఒక చేతిపని నేర్పి బయటికి పంపేవారు. ఆడపిల్లలు కుట్టుపని, నూలుపని చేసేవారు. గొంతు, చెయ్యి బాగున్నవాళ్లను ఏరి సంగీతంలో పెట్టేవారు. వాళ్లు పెద్దవాళ్లయ్యాక చిన్నపిల్లలకు నేర్పేవారు. ఆదివారాలు, పండగ రోజుల్లో చర్చి మేడ మీద లోహపు జాలీ వెనక నిలబడి పాడేవారు, వాయించేవారు. వాళ్ల ముఖాలు సరిగ్గా కనిపించవు, సంగీతం మాత్రమే కిందికి వస్తుంది. అది వినడానికి యూరప్ నలుమూలల నుంచి జనం వచ్చేవారు. వాళ్లిచ్చే కానుకలు ఆశ్రమం నడవడానికి ఆసరా.

1739లో వెనిస్ వచ్చిన ఫ్రెంచ్ యాత్రికుడు డి బ్రోస్ ఈ అమ్మాయిల గురించి ఉత్తరాల్లో రాశాడు. తెల్లబట్టలు కట్టుకుని, చెవి మీద దానిమ్మ పూల గుత్తి పెట్టుకుని, ఒక అమ్మాయి ఆర్కెస్ట్రాకు తాళం చూపిస్తుంటే అంతకన్నా ముచ్చటైనది ఇంకోటి లేదన్నాడు. ఎంత పెద్ద వాయిద్యమైనా వాళ్లు భయపడరని కూడా రాశాడు.

వివాల్డి 1703లో ఇక్కడ వయొలిన్ మాస్టారుగా చేరాడు. మొదట్లో జీతం ఏడాదికి 60 డుకాట్లు. మధ్యలో విరామాలున్నా దాదాపు నలభై ఏళ్లు ఈ సంస్థతో సంబంధం సాగింది. ఆయన కన్చెర్టోల్లో చాలావాటిని మొదట వాయించినవి ఈ అమ్మాయిల చేతులే.

అందరూ అమ్మాయిలే అయితే మగ గొంతుల భాగాలు ఎవరు పాడేవారు?

అవీ వాళ్లే. పియెటా జాబితాల్లో అమ్మాయిల ఇంటిపేరు స్థానంలో వాళ్ల విద్య ఉంటుంది: ఫలానా "వయొలిన్", ఫలానా "ఓబో" (సన్నాయిలాంటి వాయిద్యం). అలాగే "టెనర్", "బాస్" అనే మగ గొంతుల పేర్లున్న ఆడవాళ్లూ కనిపిస్తారు. 1716లో వివాల్డి రాసిన "జుడితా ట్రయంఫన్స్" అనే సంగీత కథలో సేనాపతి పాత్రతో సహా అన్ని పాత్రలూ ఆడవాళ్లే పాడారు.

అనా మారియా అనే శిష్యురాలి పేరు వింటుంటాం. ఎవరామె?

పుట్టగానే పియెటాకు చేరి, 1782లో చనిపోయేదాకా అక్కడే ఉన్న వయొలిన్ విద్వాంసురాలు. ఇంటిపేరు లేదు కాబట్టి "వయొలిన్ అనా మారియా" అనేవారు. వయొలినే కాదు, చెల్లో, మాండొలిన్, హార్ప్సికార్డ్ వాయించేది. వివాల్డి ఆమె కోసం రాసిన కన్చెర్టోల్లో సోలో భాగాలు ఎంత కష్టమో చూస్తే ఆమె స్థాయి తెలుస్తుంది. ఆమె పేరున్న వయొలిన్ పుస్తకం ఒకటి వెనిస్ సంగీత కళాశాలలో ఉంది. తల్లి ఎవరో తెలియని అమ్మాయి పేరు మూడు వందల ఏళ్ల తర్వాత మనం చెప్పుకుంటున్నామంటే ఆమె విద్య వల్లే.

అంత పేరున్న మాస్టార్ని ఉద్యోగంలోంచి తీసేశారా?

తీసేశారు. మాస్టారి ఉద్యోగం ఏటా పాలకవర్గం ఓటు మీద నిలిచేది. 1709లో ఆరుగురు అనుకూలంగా, ఏడుగురు వ్యతిరేకంగా ఓటేశారు. 1711లో మళ్లీ పిలిచారు. 1723 తర్వాత నెలకు రెండు కన్చెర్టోలు రాసివ్వాలని, ఊళ్లో ఉన్నప్పుడు రిహార్సల్ చేయించాలని ఒప్పందం కుదిరింది. బయటి ఊళ్లో ఉన్నా పోస్టులో పంపవచ్చని వెసులుబాటు కూడా ఇచ్చారు.

వెనిస్ వెళ్తే ఆయన పనిచేసిన చర్చి చూడొచ్చా?

ఒడ్డున కనిపించే ఇప్పటి పియెటా చర్చి కట్టడం 1745లో మొదలైంది. అప్పటికి ఆయన పోయి నాలుగేళ్లు. బాప్తిస్మం జరిగిన సాన్ జొవాన్ని ఇన్ బ్రాగొరా చర్చి అక్కడికి కొద్ది నిమిషాల నడకే, అది చూడండి.

## సంగీతం

కన్చెర్టో అంటే ఏమిటి? కృతితో పోల్చవచ్చా?

పూర్తిగా పోల్చలేం కానీ ఒక దారి దొరుకుతుంది. కృతిలో పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది కదా, వివాల్డి కన్చెర్టోలో ఆర్కెస్ట్రా అంతా కలిసి వాయించే ఒక ఎత్తుగడ అలాగే తిరిగి తిరిగి వస్తుంది. దాన్ని రిటర్నెల్లో అంటారు. రెండు రిటర్నెల్లోల మధ్య సోలో వాయిద్యం ఒంటరిగా విజృంభిస్తుంది. తేడా ఏమిటంటే పల్లవి ఎప్పుడొచ్చినా అదే శ్రుతిలో వస్తుంది, రిటర్నెల్లో వేరే వేరే స్వరాలను ఆధారం చేసుకుని వచ్చి చివరికి మొదటి చోటికి చేరుతుంది. సాధారణంగా మూడు భాగాలుంటాయి: వేగం, నిదానం, మళ్లీ వేగం. ఈ పద్ధతి పూర్తిగా వివాల్డి కనిపెట్టింది కాకపోయినా, దాన్ని యూరప్ అంతా పట్టుకునేలా చేసింది ఆయనే.

ఒకే కన్చెర్టోను వందల సార్లు రాశాడని వెక్కిరిస్తారు. నిజమేనా?

నాలుగైదు విని చెప్పే మాట ఇది. సుమారు 230 వయొలిన్‌కే రాశాడు, నిజమే. అయితే ఎవరూ పెద్దగా పట్టించుకోని బసూన్‌కు కూడా దాదాపు 40 రాశాడు. లావుపాటి చెక్క గొట్టంలాంటి ఆ వాయిద్యంతో పాట పాడించాడు. చెల్లోకి, ఓబోకి, బాగా చిన్న ఫ్లూటుకి, మాండొలిన్‌కి, వీణలా మీటే లూట్‌కి రాశాడు. చట్రం ఒకటే, అందులో పోసిన ప్రాణం వేరు. వర్ణాలన్నీ ఒకే నిర్మాణంలో ఉన్నాయని అన్నీ ఒకటే అంటామా?

ఫోర్ సీజన్స్ ఎప్పుడు రాశాడు? మనకు ఆరు ఋతువులైతే ఆయనకు నాలుగే ఎందుకు?

1725లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. 12 కన్చెర్టోలున్న సంపుటిలో మొదటి నాలుగు ఇవి. బొహీమియాకు (ఇప్పటి చెక్ ప్రాంతం) చెందిన మోర్జిన్ ప్రభువుకు అంకితం ఇస్తూ, ఇవి మీరు ఇదివరకే విన్నవేనని రాశాడు కాబట్టి అచ్చుకు ముందే తయారయ్యాయి. యూరప్ వాతావరణానికి వసంతం, వేసవి, ఆకురాలు కాలం, చలికాలం అని నాలుగే లెక్క. వానాకాలం అని విడిగా లేదు. ఒక్కో కన్చెర్టోకి ఒక్కో పద్యం జతచేశాడు. పద్యంలోని పాదాలు ఏ స్వరం దగ్గర వస్తాయో కూడా గుర్తుపెట్టి అచ్చువేయించాడు.

అందులో కుక్క మొరుగుతుందట, ఎక్కడ?

"వసంతం" రెండో భాగంలో. పశువుల కాపరి పూల పచ్చిక మీద నిద్రపోతుంటాడు, అది సోలో వయొలిన్. మిగతా వయొలిన్లు ఆకులు కదిలినట్టు మెల్లగా అల్లుకుంటాయి. వీటన్నిటి కింద వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది) ఒక్కటే రెండేసి దెబ్బలుగా, గరుకుగా, మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వాయిస్తుంది. అదే కుక్క. "మొరిగే కుక్క" అని రాసి, ఎప్పుడూ గట్టిగా, తెంచినట్టు వాయించాలని సూచన ఇచ్చాడు. చాలా రికార్డింగుల్లో వయోలాను మృదువుగా చేసేస్తారు, అప్పుడు కుక్క కనిపించదు. గరుకుగా వాయించినవి వెతికి వినండి. ఆ మొరుగుడు ఎంత మోటుగా ఉంటే కాపరి నిద్ర అంత గాఢంగా తోస్తుంది.

బాఖ్ వివాల్డి దగ్గర కాపీ కొట్టాడా?

కాపీ అనకూడదు. 1711లో వివాల్డి "లెస్ట్రో అర్మోనికో" అనే 12 కన్చెర్టోల సంపుటి ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయి యూరప్ అంతా పాకింది. వైమార్‌లో ఉద్యోగం చేస్తున్న బాఖ్ చేతికి ఆ సంగీతం అందింది. వాటిలో కొన్నిటిని ఆర్గన్‌కు, హార్ప్సికార్డ్‌కు మార్చి రాసుకున్నాడు. తర్వాత లైప్‌జిగ్‌లో నాలుగు వయొలిన్ల కన్చెర్టో ఒకదాన్ని నాలుగు హార్ప్సికార్డులకు మలిచాడు. మంచి కృతిని స్వరపరిచి రాసుకుని సాధన చేయడం మనకు తెలిసిన పద్ధతే. ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు.

94 ఒపేరాలు రాశాడన్న మాట నమ్మవచ్చా?

ఆ లెక్క ఆయనే 1739లో ఒక ఉత్తరంలో చెప్పుకున్నాడు. పండితులు గుర్తించినవి 50 దరిదాపుల్లో ఉన్నాయి, సంగీతం మిగిలినవి అందులో సగం కన్నా తక్కువ. పాతవాటికి మెరుగులు దిద్ది మళ్లీ వేసినవన్నీ కలిపి లెక్కపెట్టి ఉండొచ్చు. వేగం మాత్రం నిజం. "టిటో మాన్లియో" అనే ఒపేరా రాతప్రతి మీద ఐదు రోజుల్లో చేసినట్టు తనే రాసుకున్నాడు.

## చివరి రోజులు

గాయని అనా జిరోతో సంబంధం ఉందా?

ఆమె ఆయన శిష్యురాలు, ఆయన ఒపేరాల్లో ముఖ్య గాయని. ఆమె, ఆమె అక్క ఆయనతోపాటు ప్రయాణాలు చేసేవారు. ఫాదర్ కాబట్టి ఊరంతా గుసగుసలు. 1737లో ఫెరారా ఊరి చర్చి పెద్ద అయిన కార్డినల్, పూజ చేయించని ఫాదర్ అని, ఈ స్నేహం ఉందని ఆయన్ని ఊళ్లోకే రానివ్వలేదు. ఒపేరా మీద పెట్టిన డబ్బు చిక్కుల్లో పడింది. తమ మధ్య తప్పేమీ లేదని వివాల్డి గట్టిగా రాశాడు. తప్పుందని చూపే కాగితం ఇంతవరకూ దొరకలేదు. లేనిదాన్ని ఉందని రాయడం ఇద్దరికీ అన్యాయం.

అంత సంపాదించినవాడు పేదగా ఎలా చనిపోయాడు?

వెనిస్‌లో అభిరుచి మారిపోయింది, నేపుల్స్ శైలి ఒపేరాలకు గిరాకీ పెరిగింది. తనను ఇష్టపడే చక్రవర్తి ఆరో చార్లెస్ మీద ఆశతో 1740లో వెనిస్ వదిలి వియన్నా దారి పట్టాడు. అదే ఏడాది అక్టోబరులో చక్రవర్తి చనిపోయాడు. సంతాపం, వెనువెంటనే వారసత్వ యుద్ధం. ఒపేరాలు ఆగిపోయాయి. 63 ఏళ్ల మనిషి పరాయి ఊళ్లో, గుర్రపు జీనులు తయారుచేసే ఒకాయన వితంతువు ఇంట్లో 1741 జూలైలో కన్నుమూశాడు.

ఆయన సమాధి ఎక్కడుంది?

లేదు. జూలై 28న ఆసుపత్రికి చెందిన శ్మశానంలో సాదాసీదాగా పాతిపెట్టారు. ఖర్చు 19 ఫ్లోరిన్ల 45 క్రూట్జర్లు. ఆ స్థలంలో ఇప్పుడు వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. తర్వాత పెద్ద స్వరకర్త అయిన హైడన్ చిన్నప్పుడు ఆ అంత్యక్రియల్లో పాడాడన్న కథకు ఆధారం లేదు.

## మరుపు, మళ్లీ దొరకడం

దాదాపు రెండు వందల ఏళ్లు ఎందుకు మర్చిపోయారు?

అచ్చయినవి కొన్నే. మిగతా అంతా రాతప్రతుల్లో ఉండిపోయి ధనవంతుల అల్మారాల్లోకి చేరింది. 19వ శతాబ్దంలో బాఖ్ మీద పరిశోధన చేసేవాళ్లకు "ఈ వివాల్డి ఎవరు?" అన్న ప్రశ్న వచ్చింది కానీ చూడటానికి కాగితాలు లేవు.

ఆ రాతప్రతులు ఎలా దొరికాయి?

ఈ కథ నాకు ప్రాణం. 1926లో ఇటలీలోని పియమాంట్ ప్రాంతంలో సలేసియన్ అనే క్యాథలిక్ సంఘం ఫాదర్లు నడిపే ఒక స్కూలుకు డబ్బు అవసరమైంది. తమ దగ్గరున్న పాత సంగీత పుస్తకాలకు ఎంత ధర వస్తుందో చెప్పమని ట్యూరిన్ జాతీయ గ్రంథాలయాన్ని అడిగారు. యూనివర్సిటీలో సంగీత చరిత్ర చెప్పే అల్బెర్టో జెంటిలి ఆ పెట్టెలు తెరిచాడు. వాటిలో 14 సంపుటాలు వివాల్డివి.

గ్రంథాలయం దగ్గర కొనే డబ్బు లేదు. బయటికి పొక్కితే వ్యాపారులు ముక్కలు ముక్కలుగా అమ్మేస్తారు. జెంటిలి గుట్టుగా దాత కోసం వెతికాడు. పసితనంలోనే పోయిన కొడుకు మౌరో జ్ఞాపకంగా రొబెర్టో ఫోఆ అనే స్టాక్ బ్రోకర్ ఆ పుస్తకాలు కొని గ్రంథాలయానికి ఇచ్చాడు.

సంపుటాలను పరిశీలిస్తే ఇది సగం మాత్రమేనని తేలింది. ఎప్పుడో అన్నదమ్ముల పంపకాల్లో ఆస్తితోపాటు పుస్తకాలూ రెండుగా చీలాయి. రెండో సగం జెనోవాలో దురాజ్జో వంశానికి చెందిన ఒక వృద్ధ ప్రభువు ఇంట్లో ఉంది. ఆయన్ని ఒప్పించడానికి చాలా కాలం పట్టింది. చివరికి 1930లో ఫిలిప్పో జొర్దానో అనే బట్టల మిల్లు యజమాని కొన్నాడు. ఆయనకీ ఒక చిన్న కొడుకు పోయాడు, పేరు రెంజో. మొత్తం 27 సంపుటాలు, దాదాపు 450 రచనలు. ఇప్పటికీ ట్యూరిన్‌లో అవి "మౌరో ఫోఆ", "రెంజో జొర్దానో" అన్న ఆ ఇద్దరు పిల్లల పేర్ల మీదే ఉన్నాయి. తల్లులు వదిలేసిన పిల్లల కోసం రాసిన సంగీతం, తల్లిదండ్రులు పోగొట్టుకున్న పిల్లల పేరుతో తిరిగొచ్చింది.

జెంటిలి యూదుడు. 1938లో వచ్చిన జాతి చట్టాలు ఆయన ఉద్యోగాన్ని లాగేసుకున్నాయి. 1939లో సియెనా నగరంలో వివాల్డి వారోత్సవం జరిగింది. ఇప్పుడు ప్రపంచమంతా పాడే చర్చి గానం "గ్లోరియా" మళ్లీ వినిపించింది అక్కడే.

ఇంకా కొత్తవి దొరుకుతున్నాయా?

దొరుకుతున్నాయి. "మొతెజుమా" అనే ఒపేరా రాతప్రతి 2002లో బెర్లిన్‌లో బయటపడింది. 2005లో డ్రెస్డెన్‌లో వేరే స్వరకర్త పేరు మీద ఉన్న "దిక్సిత్ దొమినుస్" అనే చర్చి సంగీతం వివాల్డిదేనని ఒక ఆస్ట్రేలియా పండితురాలు తేల్చారు.

రచనల పక్కన ఆర్‌వీ అని నంబరు ఎందుకు ఉంటుంది?

పీటర్ రియోమ్ అనే డెన్మార్క్ పండితుడు చేసిన పట్టిక నంబరు అది. ఒకే శ్రుతిలో ఒకే వాయిద్యానికి చాలా కన్చెర్టోలు ఉన్నాయి కాబట్టి యూట్యూబులో వెతికేటప్పుడు పేరు కన్నా ఈ నంబరే నమ్మకం.

## నేర్చుకునేవాళ్లకు, వినేవాళ్లకు

వివాల్డి వయొలిన్, మన కర్ణాటక వయొలిన్ ఒకటేనా?

వాయిద్యం ఒకటే. పట్టుకునే తీరు, శ్రుతి చేసే తీరు వేరు. వాళ్లు నిలబడి భుజం మీద ఆనించి, నాలుగు తీగలను నాలుగు వేరు స్వరాలకు శ్రుతి చేస్తారు. మనవాళ్లు కింద కూర్చుని, వయొలిన్ తలను పాదం మీద ఆనించి, స-ప-స-ప అని చేస్తారు. అలా చెయ్యి స్వేచ్ఛగా జారితేనే గమకం పలుకుతుంది. వివాల్డి పోయాక కొన్ని దశాబ్దాలకు, ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ కాలంలో ఈ వాయిద్యం మన సంగీతంలోకి వచ్చింది. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో అది సోలో కచేరీ స్థాయికి ఎదిగింది.

మా పాప సుజుకి పద్ధతిలో నేర్చుకుంటోంది. వివాల్డి ఎప్పుడొస్తుంది?

సుజుకి వయొలిన్ పాఠాల వరుసలో నాలుగో పుస్తకంలో. ఎ మైనర్ కన్చెర్టో, ఆర్‌వీ 356, "లెస్ట్రో అర్మోనికో"లో ఆరోది. పుస్తకంలో ఉన్నది తర్వాతి కాలంవాళ్లు మార్పులు చేసిన పాఠం, కాబట్టి ఆ కాలపు తరహా వాయిద్యాలతో వాయించిన రికార్డింగులో కొన్నిచోట్ల తేడా వస్తే టెన్షన్ పడకండి. పాపది తప్పు కాదు. వీలైతే ఇది మొదట ఎవరు వాయించి ఉంటారో, పియెటా అమ్మాయిల గురించి చెప్పండి. నాకు తెలిసిన ఒక పాప ఆ కథ విన్నాక "ఆ అక్కలకి అమ్మ మళ్లీ వచ్చిందా?" అని అడిగి, ఆ రోజు చెప్పకుండానే అరగంట ఎక్కువ సాధన చేసింది.

ఫోర్ సీజన్స్ కాకుండా ఏది వినాలి?

పాట ఇష్టమైతే "గ్లోరియా", ఆర్‌వీ 589. జోరు కావాలంటే నాలుగు వయొలిన్ల కన్చెర్టో, ఆర్‌వీ 580. ఏకాంతం కావాలంటే చెల్లో సొనాటాలు. ఇవేవీ వద్దు, రెండు నిమిషాలే ఉన్నాయంటే "చలికాలం" మధ్య భాగం పెట్టండి. బయట వాన, లోపల మంట దగ్గర కూర్చున్న మనుషులు. మొదటిసారి పైన పాడే వయొలిన్‌ను వినండి. రెండోసారి దాన్ని వదిలేసి, కింద మిగతా వయొలిన్లు వేళ్లతో మీటుతున్న చినుకుల్ని మాత్రమే వినండి.